తెల్లబడినంత మాత్రాన

డబ్లిన్ శివారు టాలట్‌లో మేం అద్దెకున్న ఇల్లు రెండు నెలల కిందట ఖాళీ చేశాం. తాళాలు తీసుకోవడానికి వచ్చిన ఏజెన్సీ ఆవిడ గదిగదీ తిరిగింది. మేం అలమర అంటాం, ఇక్కడివాళ్లు ప్రెస్ అంటారు, వాటి తలుపులన్నీ తెరిచి చూసింది. చివరికి వంటింటి వెనక వాషింగ్ మెషీన్ పెట్టే ఇరుకు గదిలో ఆగింది. గోడ మీద నా నడుమెత్తున, రెండు జానల పొడుగున పెయింటు లేచి తెల్లగా పొక్కులు కట్టి ఉంది. వేలు పెడితే పొడి రాలింది.

"చెమ్మా?" అంది.

"కాదు. ఉప్పు."

"ఉప్పా? ఇక్కడా?"

ఈ గదిలో కొన్నాళ్లు సముద్రం ఉండేదని చెబితే ఆవిడ నన్ను ఏమనుకుంటుందో నాకు తెలుసు. తుడిచేస్తానులెండి అని తడిగుడ్డ తెచ్చాను. తుడవబోతూ, ఎందుకో ఆ పొడిని వేలికి అద్దుకుని నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పగానే ఉంది. ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసింది.

ఆ అలవాటు నాది కాదు. మా చిన్నగదిలో అద్దెకున్న అమ్మాయిది.

పేరు రాయను. రాస్తే "గిదంత ఎందుకక్కా, నేనేమన్న పోయిన్నా?" అంటుంది. నల్గొండ పక్క పల్లెటూరి పిల్ల. "మా ఊర్ల బోరుకు నీళ్లు పడితే డప్పులు కొడ్తరు" అని తనే చెప్పేది. అలాంటి చోట పుట్టి పగడపు దిబ్బల మీద పీహెచ్‌డీకి ఐర్లాండ్ ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలీదు. అడిగిన ప్రతిసారీ ఒక్కో జవాబు చెప్పేది. స్కాలర్‌షిప్ దానికే ఉంది కాబట్టి అని ఒకసారి. ఉల్లిగడ్డలకి పరిశోధన లేదన్నారని ఇంకోసారి. ఒకసారి మాత్రం, "మా నాయినమ్మ ఉంగరంల పగడముండె. దీని అమ్మ యాడుంటదే అని అడిగిన. సముద్రంల అన్నది. సూద్దామని బయలెల్లిన" అంది. అదే నిజమై ఉంటుందని నాకు అనిపించింది గానీ, తను నవ్వుతూ చెప్పింది కాబట్టి నమ్మడానికి లేదు. ఆ నవ్వుకి చప్పుడు ఉండదు. భుజాలు మాత్రం కదులుతాయి.

కరోనాకి ముందు ఆమె ఇంట్లో ఉందో లేదో గుమ్మంలో చెప్పులు చూసి తెలుసుకోవాల్సిందే. పొద్దున్నే లువాస్ ట్రామ్ ఎక్కి పోయేది, మేం పడుకున్నాక వచ్చేది. కాలేజీలు మూసేస్తున్నారని వార్త వచ్చిన రోజు మాత్రం నేను వంట చేస్తుంటే వచ్చి నిలబడింది.

"అక్కా, ఒక మాట అడుగుత. వద్దంటే వద్దను."

"అడుగు."

"కాలేజి బంద్ వెడుతున్నరు. నా పగడాలను ఆడ చూసెటోళ్లు ఉండరు. ఇంటికి తెచ్చుకొమ్మన్నడు మా సారు."

"ఎంతుంటాయి?"

"పగడాలు బొటనవేలంత ఉంటయ్. తొట్టి మాత్రం మన వాషింగ్ మిషనంత."

నేను శుభ్రం పిచ్చిదాన్ని. ఇంట్లో చెమ్మ అంటే నాకు పడదు. మామూలు రోజుల్లో అయితే కుదరదమ్మా అనేసేదాన్నే. కానీ ఆ వారం ఎవరికీ ఏదీ కాదనే ధైర్యం లేదు. తెచ్చుకోమన్నాను. మర్నాడు వాళ్ల ప్రొఫెసరే వ్యాన్ నడుపుకుంటూ వచ్చి, మాస్కు వేసుకుని, తొట్టీ పంపులూ దీపాలూ ఉప్పు బస్తాలూ గుమ్మం బయట దించి, దూరం నుంచే చెయ్యి ఊపి వెళ్లిపోయాడు.

అప్పటికి మా ఇంట్లో అయిదుగురం. నేనూ, మావారూ, మా చిన్నదీ, ఆ అమ్మాయీ, మా అమ్మ. అమ్మ వేసవి రాకముందే వెళ్లిపోదామని రాజమండ్రి నుంచి చుట్టపుచూపుగా వచ్చింది. విమానాలు ఆగిపోయి ఇరుక్కుపోయింది. మాకు తెలుగు ఛానెల్ లేదు. అమ్మకి చూడ్డానికి కిటికీ, మా మొహాలు తప్ప ఏమీ లేవు. తొట్టి వచ్చాక అమ్మ కుర్చీ ఆ ఇరుకు గది గుమ్మంలోకి మారింది.

ఆ అమ్మాయి తొట్టి దగ్గర పనిచేసే పద్ధతి ఎంతసేపైనా చూడొచ్చు. గది తలుపు తీయగానే ముందు గాజు మీద అరచెయ్యి ఆనించేది, జ్వరం చూసినట్టు. తర్వాత ఉప్పు కొలిచే చిన్న గొట్టంలోంచి ఒంటికన్నుతో చూసేది. ఆ తర్వాత కూడా వేలు ముంచి నాకేది.

"గొట్టం చెప్పింది కదా, మళ్లీ ఆ నాకుడెందుకు?" అన్నాను ఒకసారి.

"గొట్టం కరెక్టు చెప్పిందా లేదా సూస్తున్న" అంది.

అమ్మ మాత్రం ఆ పనికి నూటికి నూరు మార్కులు వేసింది. "పులుసు చూసినట్టు చూస్తంది. పనిమంతురాలు" అంది.

తిండి నిలబడే తినేది, పళ్లెం వాషింగ్ మెషీన్ మీద పెట్టుకుని. పగడాలతో మాట్లాడేది కాదు. మా చిన్నది వాటికి పేర్లు పెడతానంటే, "వాటికి చెవుల్లేవు రా, పిలిస్తే పలకవు" అంది. జాలి మాటలంటే ఆమెకి చిరాకు. ఎవరైనా అయ్యో పాపం అంటే, "పాపం గీపం జాన్తా నై. నీళ్లు మంచిగున్నయా లేవా, గదొక్కటే" అనేది. ఎంత గుచ్చి అడిగినా ఏదీ బతుకుతుందనీ, పోతుందనీ తేల్చి చెప్పేది కాదు. "ఇంకా చెప్పలేం" అనేది. ఇంట్లో అందరికీ అది ఊతపదమైపోయింది. లాక్‌డౌన్ ఎత్తేస్తారా అంటే మావారు కూడా "ఇంకా చెప్పలేం" అనేవారు.

ఆయన ఆఫీసు మీటింగుల్లో పంపు చప్పుడు వినబడేది. నువ్వు సముద్రం పక్కకి మారావా అని అవతలివాళ్లు అడిగేవాళ్లట. ఈయన కాదనేవారు కాదు.

ఒకరోజు భోజనాల దగ్గర అమ్మ అడిగింది, ఇంతకీ ఇవి రాళ్లా మొక్కలా అని. ఆ అమ్మాయి చేతిలో ముద్ద అలాగే పట్టుకుని చెప్పింది.

"రాయి గాదు, చెట్టు గాదు ఆంటీ. జంతువు. ఇంటి ఓనరనుకోండ్రి. లోపల సన్నటి నాచు కిరాయికుంటది. కిరాయికి పైసలియ్యది, ఎండల వండి అన్నం పెడ్తది. నీళ్లు వేడెక్కినయనుకోండ్రి, ఓనర్‌కు పిచ్చి లేస్తది. కిరాయోళ్లను ఎల్లగొడ్తది. రంగు కిరాయోళ్లది. వాళ్లు పోంగనే తెల్లగైతది."

"డబ్లిన్ ఓనర్లకి ఆ బాధ లేదు" అన్నారు మావారు.

"ఈడ ఇంకో కిరాయిదారు లైన్ల నిలబడ్తడు బావా. సముద్రంల నిలబడరు."

"అయితే తెల్లబడితే చచ్చిపోయినట్టేనా?" అన్నాను.

"తెల్లగైనంత మాత్రాన పోయినట్టు గాదక్కా. ఆకలి మీదున్నట్టు. నీళ్లు సల్లబడ్డంక కిరాయోళ్లు మల్ల వస్తరు. అందాక ఓర్సుకోవాలె."

ఆమె చేస్తున్న పని కూడా అప్పుడే అర్థమైంది. ఏటేటా సముద్రం వేడెక్కుతోంది, దిబ్బలు తెల్లబడిపోతున్నాయి. కొద్దికొద్దిగా వేడి అలవాటు చేస్తే పగడాలు రేపటి ఎండకి తట్టుకుంటాయా, తట్టుకునేవి ఏ రకాలు, ఇదీ ప్రశ్న. ఎక్కడో హిందూ మహాసముద్రపు దీవుల్లో పాడైన దిబ్బ మీద మళ్లీ పగడాలు నాటేవాళ్లు దీనికి జవాబు కోసం చూస్తున్నారు. ఈ తొట్టిలో ఉన్నవి ఆమె రెండేళ్లుగా వేడికి అలవాటు చేస్తూ వచ్చిన ముక్కలు. ఇవి పోతే మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టడానికి కాలేజీ డబ్బూ లేదు, ఆమె వీసాలో టైమూ లేదు. ఉత్తచేతులతో ఇంటికి పోవడమే. ఈ మాట కూడా ఆమె పప్పులో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా చెప్పింది.

ఈలోగా అమ్మ జుట్టుకి వేసుకునే రంగు అయిపోయింది. కొనడానికి ఇండియన్ షాపులో దొరకలేదు. పాపిట దగ్గర మొదలై నెలలో తల సగం నెరిసింది. అద్దం చూసుకోవడం మానేసి, వీడియో కాల్‌లో అన్నయ్యకి కూడా తల మీద కొంగేసుకుని కనపడేది. ఆ అమ్మాయి ఒకరోజు ఆ కొంగు మెల్లిగా తీసేసి, "తెల్లగైనంత మాత్రాన ఏంగాదు ఆంటీ" అంది. అమ్మ కసిరింది గానీ తర్వాత కొంగు వేసుకోవడం మానేసింది.

ఆ వసంతంలో ఇక్కడ ఎప్పుడూ లేనంత ఎండ కాసింది. ఆమె కూడా తొట్టిలో వేడిని రోజురోజుకీ కాస్త పెంచుతూ పోతోంది. పరీక్షలో చివరి మెట్టు అది. పగడాలు పాలిపోవడం మొదలైంది. అనుకున్నదే అయినా ఆమెకి తిండి సయించలేదు. పళ్లెం వాషింగ్ మెషీన్ మీద అలాగే ఉండిపోయేది. కుర్చీలో కూర్చుని అమ్మ అదంతా చూసింది.

మా అమ్మ రైలు గోదావరి బ్రిడ్జి ఎక్కుతుంటే పర్సు వెతుక్కునే మనిషి. కష్టం వస్తే గుడికో, నీటికో చెప్పుకోవాలి. గుడి మూశారు. ఇంటి నుంచి రెండు కిలోమీటర్లు దాటకూడదన్నారు. ఆ రెండు కిలోమీటర్లలో మాకు ఒక సూపర్‌మార్కెట్, ఒక పార్కు, మూతపడ్డ ఒక బడి ఉన్నాయి. సముద్రం వాషింగ్ మెషీన్ పక్కనే ఉంది.

ఒక పొద్దున్న ఆ అమ్మాయి తొట్టి ముందు వంగి అలాగే ఉండిపోయింది. గాజుకి పట్టిన పాచి తినడానికి నత్తలుండేవి. అవన్నీ జారి అడుగున పడి ఉన్నాయి. పగడాలు పాలిపోవడం కాదు, సున్నం కొట్టినట్టున్నాయి. గాజు మీద అరచెయ్యి ఆనించింది. వేడి మామూలుగానే ఉంది. గొట్టంలో చూసింది. నాకింది. పంపు విప్పింది. తీగలన్నీ చూసింది.

"ఎవరన్న తొట్టిల ఏమన్న ఏసిన్రా?" అంది. గొంతు పెంచలేదు.

నేను లేదన్నాను. మావారు లేదన్నారు. మా చిన్నది తల అడ్డంగా ఊపింది. అమ్మ కూడా లేదంది. అబద్ధం చెప్పడానికి కాదు. తను చేసింది వెయ్యడమని అమ్మ అనుకోలేదు.

ఆ అమ్మాయి మోచేతి దాకా చెయ్యి ముంచి ఒక్కో రాయీ ఎత్తి చూసింది. మూల రాయి కింద దొరికింది. అయిదు సెంట్ల నాణెం. అంచులు పచ్చబడి ఉన్నాయి.

"అయ్యో, అదా. అది నేనే వేసేనమ్మా" అంది అమ్మ, ఇదేం పెద్ద విషయం అన్నట్టు. "మంచిది కదాని. పర్సులో మన రూపాయి బిళ్లలు కూడా ఉన్నాయి గానీ, రాగిదైతే నీళ్లకి మంచిదని వెతికి మరీ వేసేను."

రాగి బిందెలో నీళ్లు తాగితే ఒంటికి మంచిదని పెరిగిన మనిషి. నత్తలకీ పగడాలకీ రాగి విషమని ఆవిడకి ఎవరు చెప్పాలి? ఆ అమ్మాయి నాణేన్ని అరచేతిలో పెట్టుకుని చూస్తోంది. నీళ్లు మోచేతి నుంచి కారి నేల మీద పడుతున్నాయి. నాకు భయం వేసింది. అమ్మని ఏమైనా అంటుందేమోనని కాదు. ఏమీ అనకుండా గదిలోకి పోయి తలుపు వేసుకుంటుందేమోనని.

"ఏం మొక్కినరు?" అంది.

అమ్మకి అప్పటికి మా మొహాలు చూసి సంగతి అర్థమైంది. తొట్టి వంక చూసింది.

"చెప్పుండ్రి ఆంటీ. నాణెం ఏసినప్పుడు ఏం మొక్కినరు?"

"ఇవి బతకాలని" అంది అమ్మ. "నువ్వు అన్నం తినాలని."

ఆమె భుజాలు కదిలాయి. నవ్వుతోందనుకున్నాను. ఏడుస్తోంది. రెండూ చప్పుడు లేకుండానే చేస్తుందని అప్పుడు తెలిసింది. కాసేపటికి మొహం చేత్తో తుడుచుకుంది, ఆ ఉప్పునీళ్ల చేత్తోనే. "సరే పెద్దమ్మా, లేవుండ్రి. మీ మొక్కు నెరవేర్సుకుందాం. బకెట్లు గావాలె" అంది. ఆంటీ పోయి పెద్దమ్మ అయింది ఆ పూటే. ఆ తర్వాత మళ్లీ ఆంటీ అనలేదు.

కొత్త ఉప్పునీళ్లు కలపాలి. కుళాయి నీళ్లు పనికిరావంది, ఇంట్లో గొట్టాలు కూడా రాగివే. సీసాల్లో అమ్మే శుద్ధమైన నీళ్లు కావాలి. మావారు దగ్గర్లో ఉన్న షాపులో రెండు మీటర్ల దూరం లైన్లో నిలబడి, ఒక మనిషికి ఇన్నే అని ఇచ్చినన్ని తెచ్చారు. చాలలేదు. నేను పెరట్లో నిలబడి లెక్కలు వేస్తుంటే పక్కింటి ముసలాయన గోడ మీంచి తల పెట్టాడు. డెబ్బై దాటినవాళ్లు గడప దాటకూడదన్న రోజులవి. ఆయన మూడు వారాలుగా మనిషి మొహం చూడలేదు. ఏమైందన్నాడు. చెప్పాను. లోపలికి వెళ్లి, గ్యారేజీలో వాడే అయాన్లు తీసేసిన నీళ్ల డబ్బాలు ఒక్కొక్కటీ గోడ మీద పెట్టాడు. పాత కార్లు బాగుచేసే సరదా ఉందట, బ్యాటరీల కోసం పోగేసుకున్నాడు.

"కారు ఎక్కడికీ పోదు కదా ఇప్పుడు. మీ జంతువులకి పొయ్యండి. గ్రాండ్" అన్నాడు. ఇక్కడివాళ్లకి పర్లేదు అంటే ఆ మాటే.

ఆ రోజంతా అందరం కలిసి నీళ్లు మార్చాం. పగడాలు బకెట్లోకి, తొట్టి ఖాళీ, కొత్త నీళ్లు, రాగిని పీల్చే బొగ్గు సంచి. గోడ మీద ఉప్పు మరక మొదలైంది ఆ రోజే. నేలంతా తడిసి ముద్దయింది. నేను ఒక్క మాట అనలేదంటే మావారు ఇప్పటికీ నమ్మరు.

సాయంత్రం ఆమె ప్రొఫెసర్‌కి ఫోన్ చేసింది. గోడలు పల్చన, అంతా వినపడింది. తొట్టిలో రాగి పడిందని చెప్పింది. ఎలా పడిందని ఆయన అడిగి ఉంటాడు. "ఇంట్లో మనుషులు తిరిగే చోట మూత లేకుండా పెట్టాను. తప్పు నాది" అంది ఇంగ్లీషులో. వేడి పరీక్ష లెక్క ఇక పనికిరాదని కూడా తనే చెప్పింది. కాలేజీ తెరిచేలోపు పగడాల్లో కొన్నైనా కోలుకుంటే అక్కడి నుంచి మొదలుపెడదాం, లేకపోతే నీ గురించి వేరే ఆలోచించాలి అన్నాడట ఆయన.

అమ్మకి నేను అనువాదం చేసి చెప్పాను. అమ్మ తొట్టి దాకా వెళ్లి చూసి వచ్చింది. తర్వాత, "మూత ఉంటే తీసి వేసేదాన్ని" అంది. అది నిజం. మర్నాడు పొద్దున అదే మాట ఆ అమ్మాయితో కూడా అంది. ఆమె తల ఊపింది.

"ఎరుకే పెద్దమ్మా. దిబ్బను కాపాడుడంటే సగం నీళ్లను సూసుకునుడు, సగం మనుషులను సూసుకునుడు. రెండోది నేను సదువుకోలే. గందుకే తప్పు నాదన్న."

అమ్మ తన పగడపు ఉంగరం తీసేసి దేవుడి దగ్గర పెట్టేసింది. కుజుడి కోసం పెళ్లప్పటి నుంచీ తియ్యని ఉంగరం. ఆ అమ్మాయి దాన్ని తెచ్చి మళ్లీ వేలికి తొడిగింది. "ఇది తీస్తే అవి లేస్తయా? పెట్టుకోండ్రి. మీకు వేరే పని జెప్త" అంది.

ఆ పని తినిపించడం. కిరాయోళ్లు లేరు కాబట్టి పగడాలకి వండిపెట్టేవాళ్లు లేరు. మనమే నోటికి అందించాలి. సన్నటి రొయ్యల పొడి నీళ్లలో కలిపి, చుక్కల మందు వేసే గొట్టంతో ఒక్కో ముక్క దగ్గరా మెల్లిగా వదలాలి. మా అమ్మ శనివారం ఉల్లిపాయ కూడా ముట్టదు. రొయ్యల పొడి ముట్టుకుంటుందా అని నేను చూస్తున్నాను. "నేను తింటన్నానేంటి, పెడతన్నాను" అని గొట్టం తీసుకుంది. పసిపిల్లలకి ఉగ్గు పెట్టినట్టు, ఒక్కో ముక్కకీ కాసేపు ఆగి, అది అందుకుందనిపించాకే పక్కదానికి వెళ్లేది.

వెలుగు కూడా తగ్గించాలంది ఆ అమ్మాయి, ఒంట్లో సత్తువ లేనప్పుడు ఎండ పడదని. పల్చటి గుడ్డ ఉందా అని అడిగింది. అమ్మ తన సన్నటి నూలు చీర ఒకటి తెచ్చి చించబోతే వద్దని, మడత పెట్టి దీపానికీ తొట్టికీ మధ్య కట్టింది. నీలం పువ్వుల చీర. ఆ నీడలో తెల్లటి పగడాలు, వాటి ముందు తెల్లటి జుట్టుతో మా అమ్మ. ఇవి బతకకపోతే అమ్మ ఏమవుతుందో అని, ఆ పిల్ల గురించి కన్నా ఎక్కువ భయపడ్డాను. అంత మనసుపెట్టి మొక్కి అంత దెబ్బ తిన్న మనిషిని నేను ఎలా ఓదార్చాలి?

కొన్ని పోయాయి. వాటి మీద ఆకుపచ్చ నాచు పాకింది. అవి పోయాయని ఆ అమ్మాయి అప్పుడు కూడా అనలేదు. చెంచాతో తీసి పక్క గిన్నెలో పెట్టి, "వీటి పని అయింది" అంది. తెల్లగా ఉన్నవి తెల్లగానే ఉన్నాయి. రోజూ నీళ్లు చూడ్డం, నాకడం, తినిపించడం. అడిగితే, ఇంకా చెప్పలేం.

రెండు కిలోమీటర్లు అయిదు కిలోమీటర్లయ్యాయి. ఒక పొద్దున్న అమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని తొట్టి ముందు కూర్చుంది. చాలాసేపు చూసింది. గ్లాసు వంక చూసింది. మళ్లీ తొట్టి వంక చూసింది.

"అమ్మాయ్" అని పిలిచింది. "ఇలా రా. ఈ చివరిది చూడు. పాలలో చుక్క డికాక్షన్ పడ్డట్టు లేదూ?"

ఆ అమ్మాయి పళ్లు తోముకుంటూ అలాగే వచ్చింది. భూతద్దంతో చూసింది. మా చిన్నది కూడా మధ్యలో తల దూర్చి, "ఇట్స్ గాన్ అ బిట్ బ్రౌన్, అమ్మమ్మా" అంది.

"ఇంకా చెప్పలేం" అంది ఆ అమ్మాయి. కానీ బ్రష్షు నోట్లోనే పెట్టుకుని, నురగ కారుతున్నా చూసుకోకుండా అక్కడే నిలబడిపోయింది. ఆ పూట రెండు దోసెలు తింది, కూర్చుని.

అప్పటి నుంచి పొద్దున్నే మెట్లు దిగుతూ, "పెద్దమ్మా, ఇయ్యాల డికాక్షన్ ఎంత?" అని అడిగేది. తను కెమెరాతో తీసి, రంగుల అట్టతో పోల్చి సరైన లెక్క వేసుకునేది. అయినా ముందు అమ్మనే అడగాలి. రెండు చుక్కలు అని ఒకరోజు, నీళ్ల కాఫీ అని ఒకరోజు, వేసవి చివరికి మనిషి తాగే కాఫీ అని అమ్మ తీర్పు చెప్పింది. తిరిగి రంగు పట్టినవాటిలో చాలావరకు మిగతావాటికన్నా ఎక్కువ వేడికి అలవాటుపడ్డ ముక్కలే. మరి నీ ప్రశ్నకి జవాబు దొరికినట్టేగా అన్నాను. "ఒక్క తొట్టిని వట్టుకొని సముద్రం గురించి మాట్లాడొద్దక్కా" అంది. కానీ ఆ రోజు ప్రొఫెసర్‌తో ఫోన్‌లో నవ్వుతూ మాట్లాడింది, భుజాలు కదులుతూ. ఆయన మొదలుపెట్టమన్నాడు.

కాలేజీ తెరిచాక వ్యాన్ మళ్లీ వచ్చింది. తొట్టి ఎక్కించేటప్పుడు అమ్మ పళ్లెంలో పసుపూ కుంకుమా జాకెట్టు గుడ్డా పెట్టుకుని వచ్చి ఆ అమ్మాయికి బొట్టు పెట్టింది. తర్వాత తొట్టి గాజుకి కూడా పెట్టబోయి ఆగి, ఆమె మొహంలోకి చూసింది.

"బయిట ఐతె ఏంగాదు పెద్దమ్మా. పెట్టుండ్రి" అంది.

అలా నుదుట బొట్టుతో ఆ సముద్రం టాలట్ నుంచి వెళ్లిపోయింది. కొన్ని వారాలకి విమానాలు దొరికి అమ్మా వెళ్లింది. జుట్టుకి మళ్లీ రంగు వెయ్యలేదు. ఆ అమ్మాయి చదువు పూర్తిచేసి, జవాబు కోసం చూస్తున్న ఆ దీవుల్లోనే ఉద్యోగంలో చేరింది. పగడాలు నాటిన చోట జాలర్లు లంగరు వేస్తే అందరూ కేకలేస్తారట. ఈమె పడవలో వాళ్ల దగ్గరికి వెళ్లి, ఇక్కడే ఎందుకు వేశారని అడుగుతుందట. గాలికి ఇదొక్కటే చాటు అని వాళ్లు చెబితే, వాళ్లు తాళ్లు కట్టుకోవడానికి దగ్గర్లో ఇంకోచోట తేలే పీపాలు పెట్టించింది. "నాణెం తీసినంక అడుగుడు పెద్దమ్మ దగ్గర నేర్సిన" అని ఒకసారి రాసింది.

ఇల్లు ఖాళీ చేసిన రోజు ఆ గోడ మరక తుడిచే ముందు ఫోటో తీసి ఆమెకి పంపాను. జవాబు రెండ్రోజులకి వచ్చింది, పడవ మోటారు చప్పుడులో.

"తుడిస్తే ఏంగాదక్కా, ఉప్పు మల్ల ఎక్కుతది ఆ గోడకు. ఈ యేడు ఈడ ఎండ బగ్గ కొట్టింది. మేం నాటిన దాంట్ల సగం తెల్లగైనయ్. నీడకు గుడ్డలు కడుతున్నం. పెద్దమ్మకు చెప్పు. ఇంకా చెప్పలేం."

వీడియో కాల్‌లో అమ్మకి వినిపించాను. అమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"ఎవరైనా తినిపిస్తన్నారా?" అంది.

"అంత సముద్రంలో ఎలా తినిపిస్తారమ్మా?"

"సరే, మొక్కుకుంటానని చెప్పు" అంది. కాస్త ఆగి, "నాణెం వెయ్యననీ చెప్పు" అంది.

నిన్న ఫోటో వచ్చింది. మాట ఏమీ లేదు, ఫోటో ఒక్కటే. నీలం నీళ్లలో కొమ్మలు కొమ్మలుగా పగడం. నాకేమీ తేడా తెలియక అమ్మకి పంపి ఫోన్ చేశాను. అమ్మ ఫోటోని వేళ్లతో పెద్దది చేసుకుంటూ, ఒక్కో కొమ్మ దగ్గరా ఆగుతూ చూసింది.

"పర్లేదు" అంది చివరికి. "ఇంకొంచెం డికాక్షన్ పడాలి."